‘అ’ దగ్గర ఆగిన పుస్తకం: కొమర్రాజు లక్ష్మణరావు గారి చదువు

చదివే ముందు

మీ ఇంట్లో ఎన్ని భాషలు వినిపిస్తాయి? అమ్మానాన్నలతో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఫ్రెంచి బడిలో చదివేవాళ్ళకి ఇంకొకటి ఎక్కువ. అమ్మమ్మ ఫోన్ చేస్తే వచ్చే తెలుగు వేరు, సినిమాలో తెలుగు వేరు. ఇన్నిటి మధ్య మీలో కొంతమందికి ఒక అనుమానం వస్తుంది. తెలుగు ఊళ్ళో పెరగలేదు కదా, తెలుగు నిజంగా నాదేనా అని.

ఈ పాఠం చదివేటప్పుడు ఆ అనుమానాన్ని పక్కనే పెట్టుకోండి. మనం చదవబోయే మనిషి కూడా తెలుగు ఊళ్ళకు దూరంగా, వేరే భాష మాట్లాడే ఊళ్ళో పెరిగి చదువుకున్నారు. ఆయన రాసిన మొదటి వ్యాసాలు కొన్ని తెలుగులో లేవు. అయినా తెలుగులో విజ్ఞాన సర్వస్వం అనగానే ముందు గుర్తొచ్చే పేరు ఆయనదే.

1. పెనుగంచిప్రోలు నుంచి నాగపూర్ దాకా

కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. నాన్నగారు వెంకటప్పయ్య, అమ్మ గంగమ్మ. లక్ష్మణరావుకి మూడేళ్ళ వయసులోనే నాన్నగారు పోయారు. నాన్నగారి మొదటి భార్య కొడుకు శంకరరావు గారు కుటుంబాన్ని చూసుకున్నారు. అలా చిన్నతనంలో కొన్నేళ్ళు భువనగిరిలో గడిచాయి. అప్పట్లో భువనగిరి నిజాం రాజ్యంలో ఉండేది.

ఆ తర్వాత ఆయన్ని చదివించింది అక్క, బావ. అక్క పేరు భండారు అచ్చమాంబ. బావగారు మాధవరావుకి నాగపూర్ ప్రాంతంలో ఇంజనీరు ఉద్యోగం. తమ్ముణ్ణి, అమ్మను అక్క తన దగ్గరికి పిలిపించుకుంది. ఊరు మారింది, బడి మారింది, వీధిలో పిల్లలు మాట్లాడే భాష కూడా మారింది. నాగపూర్‌లో అందరూ మాట్లాడేది మరాఠీ.

మీలో కొంతమంది హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎడ్మంటన్ వచ్చినప్పుడు ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో ఉన్నారు. కొత్త బడిలో మొదటి నెల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. లక్ష్మణరావు ఆ కొత్త భాషను తప్పించుకు తిరగలేదు. అందులోకి పూర్తిగా దిగిపోయారు. విద్యార్థిగా ఉండగానే మరాఠీ పత్రికలకు వ్యాసాలు పంపేంతగా నేర్చుకున్నారు. 1900లో బి.ఏ. అయింది. ఆ తర్వాత కాలేజీకి వెళ్ళకుండా, సొంతంగా చదువుకుని 1902లో ఎం.ఏ. కూడా పూర్తి చేశారు.

మరాఠీ ఒక్కటే కాదు. సంస్కృతం, ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, బెంగాలీ కూడా ఆయనకు వచ్చు. ఇన్ని భాషలు నేర్చుకున్నది లెక్క చెప్పుకోవడానికి కాదు. ఒక్కో భాషలో దొరికే పుస్తకం వేరు. బెంగాలీలో ఉన్న చర్చ ఇంకా తెలుగులోకి రాలేదు. ఇంగ్లీషులో ఉన్న సైన్సు మరాఠీలో సగమే ఉంది. ఒక్క భాషతో ఆగిపోతే అన్ని గదుల ఇంట్లో ఒక్క గదిలోనే కూర్చున్నట్టు.

2. అక్క, తమ్ముడు, ఒకే పాఠం

లక్ష్మణరావు గారి చదువు గురించి చెప్పాలంటే అచ్చమాంబ గారి గురించి చెప్పాల్సిందే. ఆమె 1874లో పుట్టింది, అంటే తమ్ముడికన్నా మూడేళ్ళు పెద్ద. ఆరేళ్ళకే పెళ్ళయింది. అప్పట్లో ఆడపిల్లల్ని బడికి పంపే ఇళ్ళు చాలా తక్కువ. ఆమె బడి మొహం చూడలేదు.

మరి ఎలా నేర్చుకుంది? తమ్ముడు పాఠాలు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. ముందు తెలుగు, హిందీ. ఆ తర్వాత ఇంకొన్ని భాషలు. మీ ఇంట్లో చెల్లి హోంవర్క్ చేస్తుంటే పక్కన కూర్చున్న నానమ్మ ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టడం మొదలుపెట్టడం చూశారా? అలాంటిదే ఇది. కాకపోతే ఆమె అక్కడితో ఆగలేదు. రచయిత్రి అయింది.

అచ్చమాంబ గారు 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే పుస్తకం ప్రచురించారు. అందులో ఉన్నవన్నీ స్త్రీల జీవిత చరిత్రలు. ఆడవాళ్ళకు చదువు అబ్బదు అనే మాట అప్పుడు గట్టిగా వినిపించేది. వాదన పెట్టుకోకుండా, చదువుకున్న ఆడవాళ్ళ కథలు వరసగా రాసి చూపించింది ఆమె. 1902లో ఆమె రాసిన ‘ధన త్రయోదశి’ తెలుగులో వచ్చిన తొలి కథల్లో ఒకటి. అదే సమయంలో తమ్ముడు కూడా చరిత్ర, జీవిత చరిత్రల వైపే తిరిగాడు. ఒకే ఇంట్లో ఇద్దరు. ఇద్దరికీ ఇష్టమైన ప్రశ్న ఒకటే: ఒక మనిషి ఎలా బతికాడు, ఎలా బతికింది?

అచ్చమాంబ గారు 1905లో చనిపోయారు. ఆమెకు ముప్ఫయ్యేళ్ళు. మరుసటి ఏడాది లక్ష్మణరావు గారికి కూతురు పుట్టింది. ఆ పాపకి అక్క పేరే పెట్టారు. బడికి వెళ్ళని మేనత్త పేరు పెట్టుకున్న ఆ పాప పెద్దయ్యాక డాక్టరు కొమర్రాజు అచ్చమాంబ అయింది. 1957లో విజయవాడ నుంచి పార్లమెంటుకి ఎన్నికైంది.

3. శివాజీని ఎలా చదవాలి?

లక్ష్మణరావు గారు తెలుగులో శివాజీ చరిత్ర రాశారు. రాజకీయ నాయకుల జీవితాలు రాసేవాళ్ళకి ఒక కష్టం ఉంటుంది. శివాజీని ఉదాహరణగా తీసుకుంటే అదేమిటో మీకే తెలుస్తుంది.

శివాజీ 1630లో పుట్టాడు. 1674లో రాయగఢ్ కోటలో పట్టాభిషేకం చేసుకున్నాడు. ఆయన గురించి మరాఠీలో ‘బఖర్లు’ అనే పాత చరిత్రలున్నాయి. ‘పోవాడాలు’ అనే వీరగాథల పాటలున్నాయి. వాటిలో శివాజీ ఒక వీరుడు. మొగలు ఆస్థానం వాళ్ళు పారశీక భాషలో రాసినవి ఉన్నాయి. వాటిలో ఆయన ఒక తిరుగుబాటుదారు. 1664లో శివాజీ సూరతు మీద పడినప్పుడు అక్కడున్న ఇంగ్లీషు వర్తకులు రాసిన ఉత్తరాలున్నాయి. వాళ్ళకు ఆయన దోపిడీదారు.

ముగ్గురు మూడు రకాలుగా చెప్తున్నారు. మనిషి మాత్రం ఒక్కడే. మరి ఎవరిని నమ్మాలి? ఒక్క భాషే వచ్చినవాడికి ఆ భాషలో ఉన్న శివాజీయే దొరుకుతాడు. రెండు మూడు భాషలు వచ్చినవాడు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడగలడు. ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ విడిపోతున్నాయి, ఎవరికి ఏం భయం, ఎవరికి ఏం లాభం అని అడగగలడు. తెలుగు పిల్లవాడిగా నాగపూర్‌లో పెరగడం లక్ష్మణరావు గారికి అక్కడ కలిసొచ్చింది. చిన్నప్పుడు వీధిలో విన్న భాషే పెద్దయ్యాక ఆయనకు ఒక చరిత్ర తలుపు తెరిచింది.

తెలుగువాళ్ళకి శివాజీతో ఏం పని అనుకోకండి. 1677లో శివాజీ హైదరాబాద్ వచ్చాడు. అప్పుడు గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా. ఆయన దగ్గర మంత్రిగా ఉన్నది మాదన్న, తెలుగువాడు. అక్కన్న మాదన్నల పేరు మీరు విని ఉంటారు, హైదరాబాద్ బోనాల పండుగప్పుడు వాళ్ళ పేరుతో ఉన్న గుడి గురించి చెప్తారు. ఆ మాదన్న కాలంలోనే సుల్తానుకీ శివాజీకీ ఒప్పందం కుదిరింది. పక్కవాళ్ళ చరిత్ర అనుకున్నది కాస్త లోపలికి వెళ్తే మన వీధిలోకే వస్తుంది.

భాషా గమనిక: పాత పుస్తకాల పేర్లు చూడండి. చరిత్రము, శాస్త్రము, సర్వస్వము. ఇప్పుడు మనం చరిత్రం, శాస్త్రం, సర్వస్వం అని రాస్తాం. ‘ము’ పోయి సున్నా వచ్చింది. పాత పుస్తకం చదివేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం భయం పోతుంది.

4. రాళ్ళు కూడా చదివారు

మనం చదవడం అంటే పుస్తకమే అనుకుంటాం. లక్ష్మణరావు గారు శాసనాలు కూడా చదివారు. శాసనం అంటే రాజులు, దాతలు రాతి మీదో రాగిరేకు మీదో చెక్కించిన రాత. గుడికి ఇంత భూమి ఇచ్చాం, ఈ చెరువు తవ్వించాం, ఫలానా ఏడాది ఫలానా రాజు పాలిస్తున్నాడు, ఇలాంటివి.

శాసనం చదవడం తేలిక కాదు. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి తెలుగు అక్షరాలు మీ వాచకంలో ఉన్నట్టు ఉండవు. వానకీ ఎండకీ కొన్ని అరిగిపోతాయి. కొన్నిచోట్ల రాయే విరిగిపోయి ఉంటుంది. సగం మాట కనిపిస్తే మిగతా సగం ఏమై ఉంటుందో భాష తెలిసినవాడే చెప్పగలడు. మీలో ‘ఘ’కీ ‘ఝ’కీ తేడా ఇంకా తికమకగా ఉన్నవాళ్ళు ధైర్యం తెచ్చుకోండి. పెద్ద పెద్ద పండితులు కూడా ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఆలోచించారు.

ఇదంతా ఎందుకంటే, అప్పటికి తెలుగువాళ్ళ చరిత్ర తెలుగులో సరిగా లేదు. కథలున్నాయి, పురాణాలున్నాయి. ఏ రాజు ఎప్పుడు, ఏ ఊరు ఎప్పుడు అని చెప్పడానికి ఆధారాలు కావాలి. ఆ ఆధారాలు గుడి గోడల మీద ఎండలో నిలబడి ఉన్నాయి. వాటిని చదివి, వాటి మీద ఆయన వ్యాసాలు రాశారు. ఆయన రాసిన చరిత్ర వ్యాసాలు ‘లక్ష్మణరాయ వ్యాసావళి’ అనే పుస్తకంగా వచ్చాయి.

5. చదివింది ఎవరికి?

లక్ష్మణరావు గారు మునగాల సంస్థానంలో ఉద్యోగం చేశారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారికి ఆయన దివాను. జీతం ఉంది, హోదా ఉంది, చదువుకోవడానికి పుస్తకాలున్నాయి. తన మానాన తాను చదువుకుంటూ ఉండిపోవచ్చు. అలా ఉండలేదు.

అప్పట్లో హైదరాబాద్ నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. తెలుగు మాట్లాడేవాళ్ళు లక్షల్లో ఉన్నా తెలుగు చదువుకోవడానికి చోటు లేదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. మొదట అది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో నడిచింది. మునగాల రాజా గారు, రావిచెట్టు రంగారావు గారు, లక్ష్మణరావు గారు, ఇంకొందరు మిత్రులు కలిసి పెట్టిన లైబ్రరీ అది. ఇప్పటికీ సుల్తాన్ బజారులో ఉంది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది.

లైబ్రరీ అయితే పెట్టారు. కానీ అల్మారాల్లో పెట్టడానికి తెలుగులో సైన్సు పుస్తకాలేవి? చరిత్ర పుస్తకాలేవి? కావ్యాలు, పురాణాలు ఉన్నాయి. కొత్త సంగతులు తెలుసుకోవాలంటే ఇంగ్లీషు రావాలి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎంతమంది? ఇక్కడే అసలు సమస్య అర్థమైంది ఆయనకు. ఇంగ్లీషు రాని తెలుగు మనిషి తెలివి తక్కువవాడేం కాదు. అతని చేతికి పుస్తకం అందలేదు, అంతే.

అందుకే 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. లక్ష్మణరావు గారితో పాటు గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవాళ్ళు అందులో ఉన్నారు. చరిత్ర, సైన్సు, జీవిత చరిత్రలు తేలిక తెలుగులో అచ్చువేయడం మండలి పని. 1907లో వచ్చిన మొదటి పుస్తకం ఏమిటో తెలుసా? అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. రాసింది హరిసర్వోత్తమరావు గారు.

ఎక్కడి లింకన్, ఎక్కడి తెలుగు ఊళ్ళు! కానీ ఆ కాలాన్ని గుర్తుచేసుకోండి. దేశం ఇంగ్లీషువాళ్ళ పాలనలో ఉంది. పేదింట్లో పుట్టి, అరువు తెచ్చుకున్న పుస్తకాలు చదివి, బానిసత్వానికి ఎదురు నిలిచిన మనిషి కథ అది. చదివినవాళ్ళు ఎవరికి వాళ్ళు ఆలోచించుకుంటారు. మరుసటి ఏడాది, 1908లో, పత్రికలో వచ్చిన ఒక వ్యాసానికి హరిసర్వోత్తమరావు గారిని ప్రభుత్వం జైల్లో పెట్టింది. పుస్తకాలు, పత్రికలు ఊరికే కాలక్షేపానికి కాదని అప్పటి ప్రభుత్వానికి కూడా తెలుసు.

మండలి తరఫున భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం పుస్తకాలు వచ్చాయి. చిలుకూరి వీరభద్రరావు గారి ‘ఆంధ్రుల చరిత్రము’ 1910లో మొదలైంది. భారతదేశ చరిత్ర మీద లక్ష్మణరావు గారే ‘హిందూ మహాయుగము’, ‘మహమ్మదీయ మహాయుగము’ రాశారు.

6. ఒక్క అక్షరం, మూడు సంపుటాలు

ఇంగ్లీషులో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా ఉంది. అలాంటిది తెలుగులో ఎందుకు ఉండకూడదు? ఈ ఆలోచనతో మద్రాసులో ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ పని మొదలైంది. అది 1912, 1913 ప్రాంతం. మల్లంపల్లి సోమశేఖర శర్మ, ఆదిరాజు వీరభద్రరావు వంటి యువకులు ఆయన దగ్గర పనిచేశారు. తర్వాత ఇద్దరూ చరిత్రకారులుగా పేరు తెచ్చుకున్నారు.

మన ఎడ్మంటన్ పబ్లిక్ లైబ్రరీ కూడా 1913లోనే మొదలైంది. ఓల్డ్ స్ట్రాత్‌కోనాలో ఉన్న ఇటుకల లైబ్రరీ భవనం అప్పటిదే. ఈసారి అటు వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆ గోడలు లేచిన రోజుల్లోనే మద్రాసులో కొంతమంది తెలుగులో ప్రపంచాన్ని అక్షరాల వరసలో పెట్టడం మొదలుపెట్టారు.

విజ్ఞాన సర్వస్వంలో విషయాలు అకారాది క్రమంలో ఉంటాయి. అంటే మొదట ‘అ’తో మొదలయ్యేవి. ఒక్కసారి మీరే లెక్కపెట్టండి. అంకగణితం, అద్వైతం, అలంకారం, అశోకుడు, అక్బరు, అరబ్బీ, అమెరికా, అణువు. లెక్కలు, వేదాంతం, సాహిత్యం, చరిత్ర, భాష, భూగోళం, సైన్సు. ఒక్క అక్షరంలోనే ఇన్ని రంగాలు! ఇలాంటి పుస్తకం తయారుచేసే మనిషి నాకు చరిత్ర ఇష్టం, లెక్కలు వద్దు అంటే కుదరదు. అన్నీ చదవాలి. చదివింది తెలుగులో చెప్పాలి. చెప్పడానికి మాట లేకపోతే మాట వెతకాలి, దొరక్కపోతే తయారుచేయాలి. సర్వస్వంలో చాలా వ్యాసాలు లక్ష్మణరావు గారు స్వయంగా రాశారు.

మూడు సంపుటాలు వచ్చాయి. మూడూ ‘అ’తోనే సరిపోయాయి. ‘ఆ’ దాకా రాలేదు. 1923 జూలైలో లక్ష్మణరావు గారు మద్రాసులో కన్నుమూశారు. ఆయన వయసు నలభై ఆరు.

ఆలోచిస్తే బాధగా ఉంటుంది. అన్ని భాషలు నేర్చుకుని, అంత చదివి, అంత పెద్ద పని తలకెత్తుకున్న మనిషి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయారు. కానీ పని ఆగలేదు. 1930ల్లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు విజ్ఞాన సర్వస్వాన్ని మళ్ళీ చేపట్టారు. ఆ తర్వాత ఇతరులు తమ పద్ధతిలో విజ్ఞాన సర్వస్వాలు తెచ్చారు. ఇప్పుడు మీరు ఫోన్‌లో తెలుగు వికీపీడియా తెరిచి ఒక వ్యాసం చదువుతున్నారంటే అది కూడా అదే దారిలో వస్తున్న పని. అక్కడ రాసేవాళ్ళు కూడా ఒక భాషలో చదివింది ఇంకో భాషవాళ్ళకి అందిస్తున్నారు.

మీ దగ్గర ఇప్పటికే రెండు భాషలున్నాయి. మీ తెలుగులో తడబాటు ఉండొచ్చు, ఒత్తులు తప్పొచ్చు. లక్ష్మణరావు గారిని తెలుగువాడిగా నిలబెట్టింది ఆయన పెరిగిన ఊరు కాదు. ఎక్కడ ఏం చదివినా, తెలుగువాళ్ళకి ఇది ఎలా చెప్పాలి అని అడుగుకున్న ప్రశ్న. ఆ ప్రశ్న ఎడ్మంటన్‌లో కూర్చుని కూడా అడగొచ్చు.

కొత్త మాటలు

విజ్ఞాన సర్వస్వం: అన్ని విషయాల గురించి సమాచారం ఉన్న పెద్ద పుస్తకం
సంపుటం: పెద్ద పుస్తకంలో ఒక భాగం, విడిగా అచ్చయినది
శాసనం: రాతి మీద, రాగిరేకు మీద చెక్కిన పాత రాత
దివాను: సంస్థానంలో రాజు తరఫున పాలన చూసే పెద్ద ఉద్యోగి
అకారాది క్రమం: అ, ఆ, ఇ, ఈ వరస
ఆధారం: ఒక విషయం నిజమని చూపించేది
అరువు: తిరిగి ఇస్తానని తెచ్చుకోవడం

ఆలోచించి చెప్పండి

1. లక్ష్మణరావు గారు నాగపూర్‌లో పెరగడం ఆయనకు ఎలా ఉపయోగపడింది?
2. అచ్చమాంబ గారు బడికి వెళ్ళకుండా ఎలా చదువుకున్నారు?
3. శివాజీ గురించి ముగ్గురు మూడు రకాలుగా రాశారు. ఎందుకు?
4. లైబ్రరీ పెట్టిన తర్వాత లక్ష్మణరావు గారికి, ఆయన మిత్రులకి కనిపించిన సమస్య ఏమిటి?
5. మూడు సంపుటాలు ‘అ’తోనే అయిపోయాయి. ఆ పని ఫలించిందా, వృథా అయిందా? మీ అభిప్రాయం ఐదు వాక్యాల్లో రాయండి.

మీ వంతు

ఈ వారం ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో మీకు నచ్చింది ఒకటి చదవండి. హాకీ గురించైనా సరే, నక్షత్రాల గురించైనా సరే. దాన్ని తెలుగు మాత్రమే వచ్చిన తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్‌లో చెప్పండి. చెప్పేటప్పుడు ఏ మాటకు తెలుగు దొరకలేదో రాసుకోండి. వాళ్ళు ఆ మాటకు ఏం అన్నారో పక్కనే రాయండి. వచ్చే తరగతిలో మన అందరి మాటలూ అకారాది క్రమంలో పెడదాం. ‘అ’తోనే మొదలుపెడదాం.